అవిసె నూనె వాసన

మొన్న ఆదివారం మా మనవడు పెరటి గుమ్మంలో కూర్చుని కొత్త క్రికెట్ బ్యాటుకు అవిసె నూనె పట్టిస్తున్నాడు. ఆ వాసన నా కుర్చీ దాకా వచ్చేసరికి చేతిలోని పత్రిక ఒళ్ళోకి జారింది. పాత బనీను గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుని వాడు బ్యాటు రుద్దుతుంటే, "ఎక్కువ పొయ్యకు నాన్నా, పలచగా పట్టించి రాత్రంతా ఆరనివ్వాలి, చెక్క తాగినంత తాగాక మిగిలింది తుడిచెయ్యాలి" అనే మాట నా ప్రమేయం లేకుండానే నోటి వెంట వచ్చింది. "నువ్వు క్రికెట్ ఆడేవాడివా తాతయ్యా?" అని వాడు ఆశ్చర్యపోయాడు. నేను ఏనాడూ బ్యాటు పట్టినవాణ్ణి కాను. ఆ మాట నాకు చెప్పినది ఒక ముసలాయన. చెప్పిన చోటు ఇంగ్లండులో ఉత్తర డెవన్ ప్రాంతపు ఒక చిన్న పట్టణంలో, స్వచ్ఛంద సైనికులు కవాతు నేర్చుకునే పాత డ్రిల్ హాలులో, తుపాకులు లేని తుపాకుల గది.

వైద్యం చదివి ఈ దేశానికి వచ్చిన తొలి రోజుల్లో నేను ఆ పట్టణపు ఆసుపత్రిలో జూనియరు డాక్టరుగా పనిచేశాను. ఆ రోజుల్లో మన దేశపు డాక్టర్లు ఇలాంటి చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లోనే ఎక్కువగా కుదురుకునేవారు. ఒక శనివారం రక్తదాన శిబిరానికి డాక్టరు కావాలంటే నన్ను పంపారు. చేతిలో చిరునామా చీటీ ఉన్నా, ఆ కట్టడాన్ని చూసి నేను చోటు తప్పి వచ్చాననుకున్నాను. వీధి వైపు రెండంతస్తుల రాతి ఇల్లు, దాని నెత్తిన కోటబురుజులకు ఉండే పళ్ళ వంటి కట్టు, నడుమ బండి పట్టేంత వెడల్పైన కమాను గుమ్మం, పైన వానకు అరిగిపోయిన రెజిమెంటు చిహ్నం ఉన్నాయి. గుమ్మానికి అటూ ఇటూ బూట్ల బురద గీక్కోవడానికి రెండు ఇనుప పట్టీలు నేలలో పాతి ఉన్నాయి. లోపల ఎడమ వైపు గుమాస్తా పని చేసే ఆర్డర్లీ గది, కుడి వైపు ఇనుప ఊచల తలుపుతో ఆయుధాల గది, ఆ రెండింటి మధ్య నడవ దాటగానే ఒక్కసారిగా ఆకాశం తెరుచుకున్నట్టు హాలు.

నలభై అడుగులు వేస్తే గాని ఆ చివరికి చేరలేము. నడుమ ఒక్క స్తంభం లేదు. బారులు తీరిన మనుషులు ఒక్క ఊపున మలుపు తిరిగేటప్పుడు ఏదీ అడ్డు రాకూడదని, కప్పు బరువంతా ఈ గోడ నుంచి ఆ గోడకు వంపు తిరిగిన ఇనుప దూలాల మీద మోపి కట్టారు. వెలుతురు కప్పు కొన దగ్గరి అద్దాల్లోంచి పడేది. వాన వచ్చినప్పుడు, డెవన్‌లో అది రాని రోజు తక్కువ, ఆ అద్దాల మీది చప్పుడు కింద మాటలను మింగేసేది.

ఆ శనివారం అక్కడ నేను మొట్టమొదట గమనించిన మనిషి మంచాలు సర్దుతున్న ఒక పొట్టి ముసలాయన. నర్సులు వేసిన మడత మంచాలను ఆయన కుడి చివర నిలబడి ఒక కన్ను మూసి చూసి, వరస తప్పిన మంచాన్ని బూటు కొనతో అంగుళం లోపలికి జరిపేవాడు. అన్నీ ఒక గీత మీదికి వచ్చాకే శిబిరం మొదలైంది. రక్తం ఇచ్చి లేచినవారికి టీ, బిస్కెట్లు అందించే పెద్దావిడ నాకూ ఒక కప్పు తెచ్చి "ఇదిగో, మై లవర్" అంది. ఆ మాటకు నేను ఉలిక్కిపడితే, పక్కనున్న నర్సు అది ఈ ప్రాంతపు పలుకుబడి అని చెప్పింది. మన పల్లెల్లో ముఖపరిచయం లేని కుర్రవాణ్ణి కూడా పెద్దలు "నాయనా" అని పిలిచినట్టే అది. ఇల్లు వదిలి వచ్చాక నన్ను ఆ తీరున పిలిచిన మొదటి మనిషి ఆవిడ.

*

ముసలాయన ఆ హాలుకు కాపలాదారు. జీతం ఎప్పుడో ఆగిపోయినా తాళాల గుత్తి మాత్రం ఆయన నడుముకే ఉండేది. ఆయన తాత కూడా ఆ హాలు పుట్టక ముందే ఆ ఊరి వాలంటీర్లలో చేరినవాడట. నేను ఆసక్తిగా వింటున్నానని తెలిశాక, టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. మిగిలింది నేను ఊరి గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి తెలుసుకున్నాను.

ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయం ఈ దేశాన్ని పట్టుకున్నప్పుడు, 1859 మే నెలలో యుద్ధ శాఖ ప్రతి జిల్లాలోనూ వాలంటీరు దళాలను కట్టుకోవచ్చని ఉత్తర్వు పంపింది. చేరినవారు పగలంతా తమ పనులు చేసుకునే వడ్రంగులు, బడిపంతుళ్ళు, బట్టల కొట్టు గుమాస్తాలు. జీతం లేదు, బారకాసులు లేవు. కవాతు నేర్చుకోవడానికి చోటు లేక ధాన్యపు కొట్టాల్లో, బడి ఆవరణల్లో, సంత పాకల్లో సాయంత్రాలు తంటాలు పడేవారు. సైన్యపు బారకాసులు ప్రభుత్వం కట్టినవి. డ్రిల్ హాళ్ళు చాలావరకు ఊళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నవి. ధనవంతుడు స్థలం ఇచ్చేవాడు, ఆడవాళ్ళు అల్లికలూ జాములూ అమ్మి డబ్బు కూడబెట్టేవారు, మేస్త్రీలు కూలి తగ్గించుకునేవారు. అందుకే సైనిక కట్టడమైనా ఊరివారు దాన్ని మొదటి నుంచీ తమదిగానే చూసుకున్నారు. వారంలో రెండు సాయంత్రాలు కవాతు జరిగితే, మిగతా సాయంత్రాల్లో అక్కడే పూల ప్రదర్శనలు, పెళ్ళి విందులు, సంగీత కచేరీలు జరిగేవి.

ఆ తరువాత హాల్డేన్ యుద్ధ మంత్రి అయ్యాడు. వృత్తికి న్యాయవాది, మనసుకు తత్త్వవేత్త అయిన ఆ మనిషి చెల్లాచెదురుగా ఉన్న ఈ దళాలన్నింటినీ కలిపి 1907లో చట్టం తెచ్చాడు. 1908 ఏప్రిల్ 1న టెరిటోరియల్ ఫోర్సు అనే తీరిక వేళల సైన్యం పుట్టింది, హాళ్ళ నిర్వహణ జిల్లా సంఘాల చేతికి వచ్చింది. ఈ హాలులోని వాళ్ళు 6వ డెవన్ బెటాలియన్ అనే పటాలంలో ఒక కంపెనీ, అంటే ఒక చిన్న దళం, అయ్యారు. బెటాలియన్ కేంద్రం బార్న్‌స్టపుల్‌లో ఉండేది. ఆ చట్టంలోని ఒక్క అంశాన్ని ముసలాయన ఎప్పుడూ నొక్కి చెప్పేవాడు. టెరిటోరియల్ సైనికుణ్ణి అతని ఇష్టం లేకుండా సముద్రం దాటించకూడదు. అతని బాధ్యత ఇంటి గడప కాయడం వరకే.

తాను ఎందుకు చేరాడో కూడా దాచకుండా చెప్పాడు. ఏడాదికి రెండు వారాల వేసవి శిబిరం ఉండేది. డేరాల్లో నిద్ర, వేళకు తిండి, చేతిలో కాస్త డబ్బు. వాళ్ళ వీధిలో కుర్రవాళ్ళకు సెలవు అనేది అదొక్కటే.

*

సోమవారాలు నేను అక్కడ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. చెక్క నేల మీద కోర్టుకు తెల్ల గీతలు గీశారు గాని, వాటి కింద ఇంకా పాత గీతలు వెలిసిపోయి కనిపించేవి. షటిల్ కాక్ ఎత్తుగా లేస్తే ఇనుప దూలాల్లో చిక్కుకుని మరి దిగి వచ్చేది కాదు. మంగళవారాలు క్యాడెట్ పిల్లలు వచ్చేవారు. తమ సైజుకు రెండింతలున్న బూట్లతో వాళ్ళు ఒక్కసారి కాలు దించితే ఆ చప్పుడు గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చేది, రెండో కాలు దించేలోపు మొదటి కాలు ప్రతిధ్వనించేది. గురువారాలు బ్యాండు మేళం సాధన. చలికాలంలో ఇత్తడి వాయిద్యాలు వేడెక్కేదాకా శ్రుతి కలవదని ఊదేవాళ్ళు వాటిని కోటులో పొదువుకుని కూర్చునేవారు. హాలు వెనక, 25 గజాల పొడవున సొరంగంలాంటి గది ఉండేది. చిన్న తూటాలతో గురి నేర్చుకునే చోటు అది. అటు చివర ఇసుక గుట్ట, దాని వెనక పాత ఇనుప రేకు, రేకు నిండా సొట్టలు. మా కాలానికి అందులో బల్లలు, కుర్చీలు పడేసేవారు.

ఈ వాతావరణంలో ఆ వాసన కలిసి ఉండేది. తడిసిన ఉన్ని కోట్లు, నేలకు రాసే మైనం, పాత ఇనుము, వాటన్నింటి మీదుగా అవిసె నూనె. 1967లో టెరిటోరియల్ సైన్యాన్ని బాగా కుదించినప్పుడు దేశంలో ఎన్నో హాళ్ళతో పాటు ఇదీ సైనిక హాలుగా మూతబడింది. ఒక ఉదయం లారీ వచ్చి తుపాకులన్నీ పట్టుకుపోయింది. వాటిని నిలబెట్టే చెక్క అరలు మాత్రం గోడకు బిగించి ఉన్నాయి కాబట్టి మిగిలిపోయాయి. తుపాకీ మడమ చెక్కకు అవిసె నూనె పట్టించడం ఆయనకు కుర్రతనం నుంచీ అలవాటు. తుపాకులు పోయాక ఆ నూనెను ఖాళీ అరలకు పట్టించడం మొదలుపెట్టాడు. నేను ఒకసారి చేయి వేయబోతే గుడ్డ నా చేతికిచ్చి, పలచగా పట్టించమని, చెక్క తాగినంత తాగనిమ్మని చెప్పాడు. ఆ పని ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడం మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను.

*

గని కార్మికుల సమ్మె వల్ల దేశమంతా వంతులవారీగా కరెంటు కోత పెట్టిన చలికాలం అది. ఒక సోమవారం రాత్రి ఆట మధ్యలో దీపాలు ఆరిపోయాయి. మిగతావాళ్ళు చేతికర్రలూ కోట్లూ తడుముకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. నాకు ఆసుపత్రి గదికి వెళ్ళాలని లేదు. అక్కడ బల్ల మీద ఇంటి నుంచి వచ్చిన నీలం ఉత్తరం చదవడం అయిపోయింది, జవాబు రాయడానికి మనసు రావడం లేదు. ముసలాయన కిరసనాయిలు లాంతరు వెలిగించి తెచ్చి, "ఇలా రా డాక్టర్" అని నన్ను హాలు పొడవునా తీసుకువెళ్ళాడు.

లాంతరు నేలకు దగ్గరగా దించితే, పగటి వెలుతురులో నేను ఎన్నడూ చూడనిది కనిపించింది. వెలిసిపోయిన ఒక పాత గీత వెంబడి, చెక్కలో బొటనవేలు పట్టేంత గుంటలు, ఒక్కొక్కటీ మోచేతి ఎడంతో, వరసగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. "ఆర్డర్ ఆర్మ్స్" అన్నప్పుడు ప్రతి మనిషీ తుపాకీ మడమను తన కుడి పాదం పక్కన దించుతాడు. మనుషులు మారినా గీత మారదు కనుక, ఏళ్ళ తరబడి అదే చోట దిగి దిగి నేల గుంటపడింది.

ఆయన కుడి చివరి గుంట దగ్గర నిలబడ్డాడు. కంపెనీని బారు తీర్చేటప్పుడు పొడుగైనవాడు కుడి చివర, పొట్టివాడు ఎడమ చివర నిలబడాలన్నది పద్ధతి. "ఇక్కడ రొట్టెల బట్టీ వాళ్ళ పెద్దబ్బాయి" అన్నాడు. ఒక అడుగు జరిగాడు. "ఇక్కడ తోళ్ళ కార్ఖానా కుర్రవాడు." మరో అడుగు. "ఇక్కడ కవలలు. ఎవరు పొడుగో తేలక ప్రతిసారీ సార్జెంటు విసుక్కునేవాడు." ప్రతి గుంట దగ్గరా ఒక పేరు, ఒక వీధి, ఒక పని. లాంతరు ఊగుతుంటే కప్పు మీద దూలాల నీడలు మాతో పాటు కదిలాయి.

1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించగానే వీళ్ళంతా ఈ నేల మీద గడ్డి పరుపులు వేసుకుని పడుకున్నారు. తల్లులు గుమ్మం దాకా వచ్చి ఉతికిన మేజోళ్ళు ఇచ్చిపోయేవారు. తరువాత సాలిస్‌బరీ మైదానానికి తరలించారు. అక్కడ సెప్టెంబరులో అప్పటి యుద్ధ మంత్రి కిచెనర్ కోరిక వచ్చింది. భారతదేశంలో ఉన్న పూర్తికాలపు సైన్యాన్ని ఫ్రాన్సు యుద్ధానికి రప్పించాలంటే, వాళ్ళ స్థానంలోకి ఎవరో ఒకరు వెళ్ళాలి. టెరిటోరియల్ కుర్రవాళ్ళు తమంతట తాము ఒప్పుకుంటే, వీళ్ళ బెటాలియన్ ఉన్న వెసెక్స్ డివిజన్ వెళ్తుంది. చట్టం ప్రకారం కాదనే హక్కు ఉంది. పక్కవాడు సంతకం పెడుతుంటే ఎవరు కాదంటారని ఆయన నన్ను అడిగాడు. విదేశానికి పంపాలంటే పందొమ్మిదేళ్ళు నిండాలి. ఈయనకు పదిహేడు. పందొమ్మిదని చెప్పాడు. 1914 అక్టోబరు 9న సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కారు, నవంబరులో మన దేశంలో దిగారు.

డెవన్ దాటి ఎరగని ఆ కుర్రవాళ్ళకు మన ఎండ, మన దోమలు, మన ఆకాశం అన్నీ ఒక్కసారే ఎదురయ్యాయి. అక్కడ నేర్చుకున్న "జల్దీ", "పానీ", "చార్‌పాయ్" మాటలు ఆయన నోట డెవన్ యాసలో వింతగా పలికేవి. స్వదేశాన్ని వాళ్ళు "బ్లైటీ" అనుకునేవారు. అది మన "విలాయతీ" మాటకు వచ్చిన మార్పే. నాకు హిందీ అంతంత మాత్రమే వచ్చని, నా భాష వేరని మొదట్లో చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, "మాకు అప్పుడు ఆ తేడా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అప్పటి నుంచి నా భాషలో ఒక్కొక్క మాట అడిగి పలికేవాడు. వాన, తలుపు, తాళం.

1916 మొదట్లో బెటాలియన్‌ను మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, పంపారు. కూట్ పట్టణంలో జనరల్ టౌన్‌షెండ్ కింద ఉన్న బ్రిటిష్ ఇండియా సైన్యపు పూనా డివిజన్‌ను టర్కీ సేన చుట్టుముట్టింది. దాన్ని విడిపించడానికి మార్చి 7 రాత్రంతా సేన చీకట్లో నడిచి, తెల్లవారేసరికి దుజైలా దిబ్బ ముందుకు చేరింది. ఎదుటి కందకాల్లో మనుషులు చాలా తక్కువగా ఉన్నారు. అప్పుడే కదిలి ఉంటే ఏమయ్యేదో. ముందే రాసుకున్న ప్రణాళికలో ఫిరంగులు మొదట పేలాలని ఉంది కాబట్టి ఆగారు. ఆ వ్యవధిలో టర్కీ వాళ్ళ బలగం వచ్చి చేరింది. 8వ తేదీ సాయంత్రానికి దాడికి వెళ్ళినవారిలో సుమారు 3,500 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఆ బయలులో డెవన్ కుర్రవాళ్ళ పక్కనే భారతీయ పటాలాలూ నడిచాయి. ఏప్రిల్ 29న కూట్ లొంగిపోయింది.

ఈ ముసలాయన దుజైలా దాడి రోజున అక్కడ లేడు. వారం ముందు జ్వరం తగిలి నది మీద ఆసుపత్రి పడవలో పడి ఉన్నాడు. ఆ మాట చెప్పేటప్పటికి ఎడమ చివరి గుంట దగ్గరికి వచ్చాం. లాంతరు కింద పెట్టి, కుడి పాదాన్ని ఆ గుంట పక్కకు జరిపి నిలబడ్డాడు. "ఇది నాది" అన్నాడు. దీపాలు వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ఆ రాత్రి గదికి వెళ్ళి నేను ఇంటికి ఉత్తరం రాశాను.

*

టీ ఇచ్చే పెద్దావిడకు ఆ హాలు వేరే హాలు. 1938 సెప్టెంబరులో ఆమె తన చంటిబిడ్డతో అక్కడ వరసలో నిలబడి రబ్బరు ముసుగు తెచ్చుకుంది. విషవాయువు భయంతో ఆ రోజుల్లో దేశమంతటా కోట్ల ముసుగులు పంచారు. బిడ్డ ఆ రబ్బరు వాసనకు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉందనేది. తరువాత, బాంబు దాడుల భయంతో పంపేసిన పిల్లలు లండను నుంచి మెడలో పేరు చీటీలతో దిగారు. 1940లో ఊళ్ళను కాయడానికి హోం గార్డు అనే స్వచ్ఛంద దళం ఏర్పడినప్పుడు మన ముసలాయన మళ్ళీ ఎడమ చివర కాక, ఈసారి సార్జెంటుగా బారు ముందు నిలబడ్డాడు. ఫ్రాన్సు తీరంలో నార్మండీ దాడికి ముందు, ఉత్తర డెవన్‌లోని వులకూంబ్ ఇసుక తీరాల్లో అమెరికన్లు సాధన చేసిన నెలల్లో, శనివారం రాత్రుళ్ళు హాలులో నాట్యాలు జరిగేవి. నేల జారడానికి సబ్బు పొడి చల్లేవారని చెబుతూ ఆమె కప్పులు కడగడం ఆపి నవ్వేది. ఒక శనివారం వచ్చినవాళ్ళు మరుసటి శనివారం రాలేదు. హాలంతా ఖాళీ అని, వాద్యగాళ్ళు ఉత్తినే కాసేపు వాయించి వెళ్ళిపోయారని చెప్పేది.

నా భార్య మన దేశం నుంచి వచ్చినప్పుడు ఆర్డర్లీ గదిలో ఆమే టీ ఏర్పాటు చేసింది. ముసలాయన కొత్త పెళ్ళికూతురి కోసం నేర్చి పెట్టుకున్న మాటలు వరసగా అప్పజెప్పాడు. "వాన. తలుపు. తాళం." అప్పుడు ఆయన నవ్విన నవ్వును మా ఆవిడ ఇంకా మరచిపోలేదు.

*

పని మారి నేను లండను వచ్చాను. కొన్నాళ్ళకు ఆయన పోయిన కబురు ఉత్తరంలో తెలిసింది. డ్యూక్స్ రోడ్డులో నాట్య ప్రదర్శనలు జరిగే ది ప్లేస్‌కు ఒక సాయంత్రం వెళ్ళాను. అది ఒకప్పుడు ఆర్టిస్ట్స్ రైఫిల్స్ అనే వాలంటీరు పటాలపు డ్రిల్ హాలు. గుమ్మం పైన రోమన్ దేవతలు మార్స్, మినర్వాల తలల బొమ్మ ఇంకా ఉంది. కవి విల్ఫ్రెడ్ ఓవెన్ 1915లో చేరిన పటాలం అదే. వేదిక మీద నర్తకి గాలిలోకి లేచి చప్పుడు లేకుండా దిగుతుంటే నేను పైకి, దూలాల వైపు చూస్తూ ఉండిపోయాను.

కిందటి వేసవిలో మా అమ్మాయి కారులో డెవన్ తీసుకువెళ్ళింది. రాతి ముఖద్వారం అలాగే ఉంది, బూట్ల పట్టీలు అలాగే ఉన్నాయి. వెనక హాలు లేదు. ఆ జాగాలో వరసగా ఆరు ఇళ్ళు కట్టారు. ఒక పెరట్లో పాప మూడు చక్రాల బండి తొక్కుతోంది. చెక్క నేల ఏమైందో చెప్పగలిగినవాళ్ళు కనబడలేదు. గోడకు ఉండిన, యుద్ధంలో పోయినవారి పేర్లు చెక్కిన ఇత్తడి ఫలకాన్ని మాత్రం చర్చిలోకి మార్చారని తెలిసి వెళ్ళాం.

ఫలకం మీద పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి. నేను వాటిని ఎత్తు ప్రకారం చదవాలని చూశాను. రొట్టెల బట్టీ అబ్బాయి దొరికాడు, కవలలు ఎలాగూ పక్కపక్కనే ఉన్నారు, తోళ్ళ కార్ఖానా కుర్రవాడి దగ్గర కాసేపు తడుముకున్నాను. మధ్యలో చాలామంది నాకు గుర్తు రాలేదు. ఎడమ చివరివాడు ఎవరో తెలుసు గాని, ఆ పేరు ఫలకం మీద ఉండదు కదా. మా అమ్మాయి పక్కన నిలబడి, "ఎవరి కోసం వెతుకుతున్నారు నాన్నా?" అని మెల్లగా అడిగింది.